వస్తువు క్రింది చీటి

మునగాలకు సమీపమున నున్న యొక గ్రామములో కొన్ని మాసముల క్రిందట స్థానిక చరిత్రకు సంబంధించిన వస్తువుల ప్రదర్శన మొకటి మూడు దినములు జరిగినది. పాఠశాల విద్యార్థులు, కళాశాల విద్యార్థులు, సెలవు పెట్టుకొని వచ్చిన యుద్యోగులు కొందరు, పొదుపు సంఘముల స్త్రీలు, అందరును కలిసి జీతబత్తెములు లేకుండ పనిచేసిరి. ఇల్లిల్లును తిరిగి తిరుగళ్లు, కుంచములు, గంటములు, తాటాకు కట్టలు, ఆముదపు దీపపు సెమ్మెలు, పాత దస్తావేజులు ప్రోగుచేసిరి. మొదటి దినమున డప్పులతో నూరేగింపు, రెండవ దినమున కోలాటమును బాలబాలికలకు వ్యాసరచన పోటీయు, మూడవ దినమున సన్మానములును జరిగినవి. జనము విశేషముగా వచ్చిరి. ముసలివారు తమ చిన్ననాటి సామాను చూచి మనుమలకు చేయి చూపి చెప్పుచుండిరి.

ఇట్టి యుత్సాహమును పరిహసించుట నాకు సమ్మతము కాదు. ఊరు తన్ను తాను జ్ఞాపకము చేసికొనుట మంచిపని. అది పండుగగా జరిగిన మఱింత మంచిది. సన్మానపు శాలువలు కొంచెము తక్కువైనను లోటుండెడిది కాదు గాని, అది వేఱు మాట. మూడవనాటి సాయంకాలము జనము వెడలిపోయిన పిమ్మట నే నా గదిలో నొంటిగా నిలిచి వస్తువుల క్రింద నంటించిన చీటీలను వరుసగా చదివితిని. నా విమర్శ యా చీటీలను గూర్చియే.

కుంచము క్రింద "ధాన్యము కొలుచు పాత్ర" యని యున్నది. తిరుగలి క్రింద "పిండి విసరుకొను సాధనము" అని యున్నది. తోలు చివికిపోగా మిగిలిన మోట యొకటి, ఇనుప కట్టును తొండము తునకయు మాత్రమున్నది, దాని క్రింద "పూర్వకాలమున బావినుండి నీరు తోడుటకు వాడెడిది" అని యున్నది. గోడమీద మునగాల రాజావారి పటము క్రింద మాత్రము పదునాలుగు పంక్తులున్నవి. నేను లెక్కించితిని.

ఆ పదునాలుగు పంక్తులలో అసత్య మొక్కటియు లేదు. హైదరాబాదులో 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీని శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినప్పుడు దానికి చేయూత నిచ్చినవారిలో రాజా నాయని వెంకటరంగారావుగారు ముఖ్యులు. 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టుటకును వారి యాదరణము కారణము. ఆ మండలికి ప్రాణమైన కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు మునగాల సంస్థానమునకు దివానుగా నుండినవారే. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు మొదలైన మిత్రులతో గూడి లక్ష్మణరావుగారు చరిత్రమును, ప్రకృతి శాస్త్రములను, జీవితచరిత్రలను తెలుగు వచనములో గృహస్థుల చేతికందునట్లు చేసిరి. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని కొన్ని సంపుటములు వెలువరించి, 1923లో పని నడుమనే కన్నుమూసిరి. మనయింట తాతగారి పెట్టెలో ఆ మండలి గ్రంథ మొకటి యున్నచో మన చదువులో మునగాల పాలు కొంత కలదన్నమాట. ఇంతవరకు చీటి వ్రాసినవారు చెప్పిరి, బాగుగనే చెప్పిరి.

చెప్పనిదేమనగా, ఆ ద్రవ్య మెక్కడినుండి వచ్చినదను మాట. సంస్థానపు టాదాయము రైతులు చెల్లించిన శిస్తు. దివానుగారికి జీతమిచ్చినదియు, గ్రంథములు వ్రాయుటకు వారికి వలసిన తీరిక నిచ్చినదియు ఆ శిస్తే. మునగాల పరగణా నైజాము రాజ్యము నడుమ ద్వీపమువలె నుండి, పేరునకు కృష్ణాజిల్లాలో చేరిన బ్రిటిషు సీమ. చుట్టునున్న నైజాము గ్రామములలో వలెనే యిక్కడను వెట్టి యుండెను. శిస్తుపై నక్రమపు వసూళ్లుండెను. 1930 మొదలు 1940 వఱకు గల దశాబ్దమున పరగణా రైతులు నండూరి ప్రసాదరావు మొదలైనవారి నాయకత్వమున వాని నెదిరించి లేచిరి, సత్యాగ్రహము చేసిరి, చెఱసాలలకు పోయిరి. మద్రాసు రాష్ట్రమున జమీందారీల రద్దు చట్టము 1948లో వచ్చినది. ఇవియన్నియు కొమఱ్ఱాజువారి కీర్తియంతటి ప్రసిద్ధి గలవే గాని క్రొత్తగా త్రవ్వి తీసినవి కావు. ఆ గదిలో వీనికి ఒక్క పంక్తియు దొరకలేదు.

ఈ మాట నేను నిర్వాహకులలో నొకరితో ననగా, ఆయన నొచ్చుకొని, "మాస్టారూ, పండుగనాడు పాత గాయములు రేపుట యెందుకండీ? రాజావారు తెలుగునకు చేసిన మేలు తక్కువదా?" అనిరి. నేను ప్రత్యుత్తరము చెప్పకపోతిని. జనము నడుమ వాదము తగదు. ఇప్పుడు చెప్పుచున్నాను. రాజావారు చేసిన మేలు తక్కువది కాదు, కాని యా మేలు చేసినవారు వారొక్కరే కారు. వెట్టి చేసినవాడును, పన్ను కట్టినవాడును తెలియకయే తెలుగు విజ్ఞాన సర్వస్వమునకు చందాదారులైరి. వారి పేళ్లు చందాదారుల పట్టికలో నెక్కలేదు. నూఱేండ్లకు పిమ్మట ప్రదర్శనశాలలో చీటీ వ్రాయునప్పుడును ఎక్కలేదు. వీరిని చేర్చుట రాజావారిని దించుట కాదు. ఉన్న పదునాలుగు పంక్తులకు రెండు పంక్తులు కలుపుటకు పటమును గోడనుండి తీయనక్కఱలేదు.

మోట సంగతి చెప్పవలసియున్నది. దానిని తెచ్చినవాడు పదవ తరగతి బాలుడు. వాని నాయనమ్మ ఎనుబదియేండ్లు దాటినది, ప్రదర్శనము చూడవచ్చి మోట యొద్ద నిలిచి, చీటిలో నేమున్నదో చదివి వినిపింపుమని నన్నడిగెను. చదివితిని. ఆమె కొంచెము సేపూరకుండి, "గంతేనా సారూ?" అన్నది. "ఇంకేమి వ్రాయవలెనమ్మా?" అని నేనంటిని. "ఇది మా మామ కుట్టిండు. తోలు మా ఇంటిదే, కుట్టు మా ఇంటిదే, నీళ్లు దొర తోటకు. పైస ఇయ్యలే. గింజలు గూడ ఇయ్యలే. మోట తెగితే మల్ల మా మామనే పిలిచిన్రు" అన్నది. ఆ దొర యెవరో, ఏ యూరివాడో ఆమె చెప్పలేదు, నేనడుగలేదు. ఆమె మాటలో కోపము లేదు; లెక్క తప్పిన పద్దును సరిచేయుచున్నట్లుండెను.

ప్రదర్శనశాలల విషయమున నా యభిప్రాయమంతయు ఆ "గంతేనా" యను ప్రశ్నలో నున్నది. వస్తువు మూగది. దాని ఉపయోగమును మాత్రము చెప్పిన చీటి దానిని మఱింత మూగగా చేయును. నీరు తోడుటకు వాడెడిదని చెప్పుటకు ప్రదర్శన మెందుకు? నిఘంటువు చాలును. ఎవరు చేసిరి, ఎవరి తోటకు నీరు పాఱెను, కూలి ముట్టెనా లేదా యనునది నిఘంటువులో నుండదు. ఊరిలోనే యుండును, అదియు ముసలమ్మ బ్రదికియున్నంతవరకే. కుంచమైనను అంతే. తీసికొనుట కొక కుంచము, ఇచ్చుట కొక కుంచమని మన పల్లెలలో వాడుక. ప్రదర్శనములో నుంచిన కుంచము ఆ రెంటిలో నేదో తెలిసినగదా అది చరిత్రమగుట!

ఇందుకు వాలంటీర్లను నిందింపబోను. వారికెవ్వరును అడుగుట నేర్పలేదు. వస్తువులు తెండని చెప్పిరి, తెచ్చిరి. ఊరేగింపులో నడువుడని చెప్పిరి, నడిచిరి. ఒక్క దినమైనను, ఒక్క పలకయో పుస్తకమో చేతికిచ్చి, ఇచ్చినవారి మాట యున్నదున్నట్లు వ్రాసికొని రండని చెప్పినవారు లేరు. యువజనుల యుత్సాహము మనకెప్పుడును కొఱతపడలేదు. దానికి పని నప్పగించుటలోనే మన లోపము.

అట్టి పని చేయుట యెట్లో మన పెద్దలకు తెలియకపోలేదు. లక్ష్మణరావుగారి పేరు పెట్టుకొన్న లక్ష్మణరాయ పరిశోధక మండలి హైదరాబాదులో నుండెను. దానిని మోసినవారిలో ప్రధానులైన ఆదిరాజు వీరభద్రరావుగారు బడిపంతులు. శేషాద్రి రమణకవులవంటివారు తెలంగాణపు పల్లెలు తిరిగి శాసనములు, తాళపత్రములు వెదకిరి.  శాసనమున్న రాతిని కడిగి, దానిపై తడిపిన కాగితమును పఱచి, అక్షరముల గుంటలలోనికి దిగువఱకు కుంచెతో కొట్టి, ఆఱినకొలది సిరా యద్ది యచ్చు తీయవలెను. ఎండలో ఒక్కొక్క రాతికి గంటలు పట్టును. గాలి వీచిన కాగితము చినుగును. గ్రామస్థులు నిధికై వచ్చిరని యనుమానింతురు. ఇట్లు కూర్చినవి "తెలంగాణా శాసనములు" అను పేర 1935లో ప్రథమ భాగముగా వెలువడినవి. ఆ గ్రంథమున ప్రతి శాసనమునకును ఊరి పేరును అది యున్న చోటును కలవు. వారు వ్రాసిన చీటి యది. ఎనుబది తొంబదియేండ్లకు పిమ్మట రాయి పోయినను చీటి మిగిలినది.

ఆ కాలపు వారిలోను లోపమున్నది. అది చెప్పకున్న విమర్శ పక్షపాతమగును. వారు వెదకినది రాతిమీద వ్రాసినదానిని, ఆకుమీద వ్రాసినదానిని. వ్రాత యెవరికి కలదో వారి చరిత్రమే దొరకినది. సూర్యాపేట దగ్గఱి పిల్లలమఱ్ఱిలో రేచెర్ల బేతిరెడ్డి భార్య యెఱకసాని 1208వ సంవత్సరమున ఎఱకేశ్వరాలయమును కట్టించినది. ఒక స్త్రీ పేరు ఎనిమిదివందల యేండ్లకు పైగా నిలిచియుండుట మనకు సంతోషమే. కాని యా నల్లఱాతి స్తంభములను అద్దమువలె నునుపుచేసిన చేతు లెవరివి? శిల్పిని గూర్చియు, రాయి మోసినవానిని గూర్చియు నాటి శాసనమడుగలేదు. నేటి ప్రదర్శనము శాసనమును చూచి వ్రాయుటచేత అదియు నడుగుట లేదు. పూర్వులకు సాధనములు తక్కువ. మనకు చేతిలోని ఫోనుతోనే ముసలివారి గొంతు పట్టియుంచు వీలున్నది. ఆ ఫోనుతో మనము తీయునది సన్మానగ్రహీతల బొమ్మలు.

స్త్రీల మాట వచ్చినది గనుక మఱియొక చీటి సంగతి. లక్ష్మణరావుగారి పటమును ఆ గదిలో నుంచిరి. వారి యక్క భండారు అచ్చమాంబగారి పటము లేదు, పేరును లేదు. తమ్ముడు చదువుకొనుచుండగా తానును ఇంటనుండియే చదువు సాధించి, అబలా సచ్చరిత్ర రత్నమాల వ్రాసి, 1902లో బందరులో బృందావన స్త్రీసమాజమును స్థాపించుటలో పాలుగొని, ముప్పదియొక యేడు నిండకమునుపే 1905లో మరణించిన విదుషీమణి యామె. స్త్రీల చరిత్రలు వ్రాయబడలేదని బాధపడి వ్రాయబూనిన యామెకే ప్రదర్శనములో చోటు లేకపోవుట చూచి నవ్వవలెనో యేడ్వవలెనో తోచలేదు. అక్కడ చీటీలు వ్రాసినవారిలో బాలికలు చాలమంది. వారికి చెప్పియుండిన సంతోషముతో వ్రాసియుందురు.

ఇంకొకటి. అక్కడి బల్లపై "జాతీయపతాకము జన్మస్థలము నడిగూడెము" అని పెద్ద యక్షరములతో నొక చీటి. పింగళి వెంకయ్యగారు మునగాల రాజావారి యాదరణమున నడిగూడెములో కొంతకాలముండి ప్రత్తి పంటను గూర్చి పరిశోధించుట నిజము. 1916లో పతాకములను గూర్చి గ్రంథము ప్రకటించుటయు, 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశమున గాంధీగారికి పతాకమును సమర్పించుటయు నిజము. నడిగూడెపు కోటలోనే పతాకము రూపుదాల్చెనని మా ప్రాంతమువారు చెప్పుకొందురు. నాకును ఆ మాట యిష్టమే. నేనును ఈ నేలవాడనే. అయినను ఇష్టమైనది వేఱు, ఋజువైనది వేఱు. "నడిగూడెములో పుట్టినదని యూరివారు చెప్పుదురు" అని వ్రాసినచో ఊరి గౌరవమునకు వచ్చిన కొఱత యేమి? ఆధారము లేనిదానిని ఒప్పుకొనని లక్ష్మణరావుగారి పటము క్రిందనే యిట్టి చీటి యుంచుట చూచువారికి కొంచెము సిగ్గు కలిగించును. వెట్టి సంగతి యందఱికిని తెలిసినదైనను వ్రాయలేదు, పతాకపు సంగతి తేలనిదైనను వ్రాసిరి. మెప్పు కలిగించునది చరిత్రమును, నొప్పి కలిగించునది గాయమును అయినట్లున్నది.

ప్రభుత్వపు ప్రదర్శనశాల లున్నవిగదా, మనకీ శ్రమ యేల యని కొందఱందురు. ఉన్నవి. నల్లగొండ యొద్ద పానగల్లు పచ్చల సోమేశ్వరాలయములో నొకటి కలదు, చూడదగినది. కాని యట్టివానిలో ముఖ్యముగా రాతిశిల్పములు, నాణెములు, శాసనములు నుండును. చివికిన మోటకు వానిలో తావుండదు. ఇక ఫణిగిరిని చూడుడు. మన సూర్యాపేట జిల్లాలోని యా కొండమీద బౌద్ధ విహారములు, స్తూపము, చెక్కిన తోరణపు రాళ్లు బయల్పడినవి. 2023లో ఆ శిల్పములు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములో ప్రదర్శింపబడగా లోకమంతయు మెచ్చినది. 2024లో అచ్చటనే యొక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు దొరకినవి. ఒక ప్రక్క ఏనుగు, మఱియొక ప్రక్క ఉజ్జయినీ చిహ్నము. ఇవి పండితులకు గొప్ప లాభము. కాని కొండ క్రింది యూరివారు తరతరములుగా ఆ గుట్టను ఏమని పిలిచిరి, దానిని గూర్చి యే కథలు చెప్పుకొనిరి, త్రవ్వకములలో మట్టి యెత్తిన కూలీ లెవరు అను వానిని న్యూయార్కువారు వ్రాయజాలరు, హైదరాబాదువారికి తీరిక లేదు. అది స్థానికులు చేయవలసిన పని. స్థానిక ప్రదర్శనశాల పెద్ద మ్యూజియమునకు చిన్న నకలు కారాదు. పెద్దవి చేయలేని పనియే దాని పని.

ఇట్టి పని లోకమున జరుగకపోలేదు. దక్షిణాఫ్రికాలోని కేప్ టౌనులో డిస్ట్రిక్ట్ సిక్స్ అను పేటను అక్కడి వర్ణభేదపు ప్రభుత్వము 1966లో తెల్లవారికని ప్రకటించి, తరువాత అరువదివేలమందిని వెళ్లగొట్టి యిండ్లు కూల్చివేసినది. ఆ జనులే 1994లో ఒక పాత చర్చిలో మ్యూజియము తెఱచిరి. కూలిన యిండ్ల నుండి తెచ్చుటకు వారికి వస్తువులు విశేషముగా లేవు. నేలమీద పేట వీథుల పటమును పఱచిరి. వచ్చినవారు వంగి తమ యిల్లున్న చోట తమ పేరు వ్రాసిరి. గుడ్డమీద పేళ్లును మాటలును వ్రాయగా వానిని దారముతో కుట్టిరి. వెళ్లగొట్టబడినవారే చూపించువారైరి. ఆ మ్యూజియములో వస్తువుకంటె చీటి పెద్దది. చీటి వ్రాసినది నిర్వాహకుడు కాడు, ఇల్లు పోయినవాడు.

మన వాలంటీర్లకు నేనప్పగింపగోరునది యింతకంటె కష్టమైనది కాదు. వస్తువు తీసికొనునప్పుడు ఇచ్చినవారి పేరు, చేసినవారి పేరు తెలిసిన నది, ఎవరికై చేసిరి, ఏమి ముట్టినది, ఇంటిలో దానిని వాడినవారు ఆడువారా మగవారా, ఇవి వారి మాటలోనే వ్రాసికొనవలెను. గ్రాంథికములోనికి మార్చవలదు, నావంటి పంతుళ్లచేత దిద్దింపవలదు. చెప్పినది నమ్మదగినదా కాదా యనునది వేఱుగా, ప్రక్కన వ్రాయవలెను. పేరు బయట పెట్టవలదని యిచ్చినవారు కోరిన పెట్టరాదు. ఇప్పటికిని దొరల మనుమలును వెట్టివారి మనుమలును ఒకే వీథిలో నున్నారు, వారి నడుమ పొలముల సరిహద్దు లున్నవి, అప్పు లున్నవి, స్నేహములును ఉన్నవి. ఈ జాగ్రత్త లేకున్న ప్రదర్శనము పంచాయతీ తగవగును. ఇందుకు ఊరేగింపు తగ్గించుకొనవలసిన పనియు లేదు. మూడు దినముల పండుగకు ముందు మూడు నెలలు ఆదివారము లుండును.

పండుగ ముగిసిన పదిదినములకు సామాను ఇచ్చినవారికి తిరిగి పంపిరి. కొన్ని మాత్రము గ్రంథాలయపు గదిలో నిలువ యుంచుటకు నిశ్చయించిరి. వానిలో మోట యొకటి. ఆ బాలుడు నాయొద్దకు వచ్చి, చీటి మార్చవచ్చునా యని యడిగెను. నిర్వాహకుల నడుగుమంటిని. వారు కొంచెము తటపటాయించి, సరే యనిరి. మొన్న పోయి చూచితిని. పాత చీటిని చింపలేదు. దాని క్రిందనే మఱియొకటి యంటించినాడు. అందులో వాని నాయనమ్మ మామగారి పేరున్నది, తోలు ఎవరిదో, కుట్టు ఎవరిదో, నీళ్లు ఎక్కడికి పాఱినవో ఉన్నది, కూలి ముట్టలేదని యున్నది. అక్షరదోషములు రెండు కలవు. జేబులో ఎఱ్ఱ కలము ఉండెను గాని తీయలేదు.